ఈగ ముక్కుతో ఒక సెమిస్టరు: కీటకాల వాసన ప్రయోగాలు, మొదటి సీసా నుంచి పట్టుపురుగు మీసం దాకా

ఈగలకు వాసన ఎలా తెలుస్తుందో ప్రాజెక్టు చేస్తామని వచ్చే పిల్లలతో నేను ముందుగా చేయించే ప్రయోగంలో వాసనే ఉండదు. డబ్బాలో ఒక మూల మంచినీళ్లు, రెండో మూలా మంచినీళ్లే. మధ్యలో పండ్ల మీద ముసిరే సన్న ఈగలు 50. తెల్లారి లెక్కపెడితే రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉండాలి. మొదటిసారి దాదాపు ఎవరికీ అలా రాదు.

మేం మొదలుపెట్టిన ఏడాది మాకూ రాలేదు. ఈగలన్నీ ఎడమ పక్కకే పోయేవి. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, ఎడమ పక్కన కిటికీ ఉంది. ఈగ వెలుతురు వైపు పోతుంది, అంతే. అంతకుముందు నెల రోజులు వెనిగర్‌తో వచ్చిన ఫలితాలు చూసి తెగ మురిసిపోయాం. వెనిగర్‌ను ఎప్పుడూ ఎడమ పక్కనే పెట్టాం మరి. ఆ నెల రోజుల నోట్‌బుక్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, కొత్తగా వచ్చినవాళ్లకు చూపించడానికి.

బీఎస్సీ జువాలజీ, ఎమ్మెస్సీ, బయోటెక్ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మొదటి సగానికి వంటింటి సామాను చాలు. ఆ తర్వాత డీఎన్‌ఏ ముక్కను కోట్ల కాపీలుగా పెంచే పీసీఆర్ మెషీన్ కావాలి. చివరి భాగానికి సన్నటి విద్యుత్ సంకేతాన్ని పెంచి చూపే ఒక మంచి యాంప్లిఫయర్, చాలా ఓపిక కావాలి.

ఈగ ముక్కు ఎక్కడుంది

డ్రోసోఫిలా మెలనోగాస్టర్, అంటే మగ్గిన అరటిపండు మీద ముసిరే ఎర్రకళ్ల సన్న ఈగ. దాని ముక్కు తల ముందున్న రెండు పొట్టి మీసాల్లో ఉంటుంది. పాఠ్యపుస్తకంలో వాటిని స్పర్శశృంగాలు అంటారు. మీసంలో మూడో ఖండం చిన్న గింజలా ఉబ్బి, ఒళ్లంతా సన్నటి వెంట్రుకలతో ఉంటుంది. ఆ వెంట్రుకలకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాసన అణువు అక్కడి నుంచే లోపలికి పోయి నాడీకణాన్ని తాకుతుంది. ఒక్కో మీసంలో ఇలాంటి నాడీకణాలు సుమారు 1200. తొండం పక్కనున్న బుడిపెల్లో ఒక్కోదానిలో మరో 120 దాకా ఉంటాయి. ఈ రెండో ముక్కు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత ఇబ్బంది పెట్టేది అదే.

ఎలుకల్లో వాసన గ్రాహకాల (వాసన అణువును పట్టే ప్రొటీన్ల) జన్యువులను లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో పట్టుకున్నారు. 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఎలుక జన్యువులను పోలినవి ఈగలోనూ దొరుకుతాయని చాలామంది వెతికారు, దొరకలేదు. 1999లో దొరికినవి వాటికి ఏ చుట్టరికమూ లేనివి. ఈగలో ఈ కుటుంబానికి చెందిన జన్యువులు 60 ఉన్నాయి. మామూలుగా ఒక్కో నాడీకణం వీటిలో ఒక గ్రాహకాన్ని పెట్టుకుంటుంది, దానికి జతగా ఓర్కో అనే ఇంకో ప్రొటీన్‌ను తెచ్చుకుంటుంది. వాసన పట్టేది మొదటిది. దాన్ని వెంట్రుకలోకి చేర్చేది, దానితో కలిసి అయాన్లకు దారి తెరిచేది ఓర్కో. మన ముక్కులో ఈ పని జీ ప్రొటీన్ అనే మధ్యవర్తి మీదుగా చుట్టుతిరిగి జరుగుతుంది. ఈగలో గ్రాహకమే తలుపు.

ఓర్కో చెడితే ఈ గ్రాహకాలన్నీ ఒక్కసారే పడకేస్తాయి. 2004లో దీన్ని ఈగల్లో చూపించారు. అయితే ఓర్కో లేని ఈగ పూర్తిగా వాసన తెలియనిది అనుకోవద్దు. ఆమ్లాలను, అమీన్లను పట్టే వేరే గ్రాహకాల కుటుంబం ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్‌కు మరో జంట గ్రాహకాలున్నాయి. వీటికి ఓర్కోతో పని లేదు. ఏ వాసనతో ప్రయోగం చేయాలో ఎంచుకునేటప్పుడు ఇది బుర్రలో లేకపోతే ప్రాజెక్టు గల్లంతే.

ఈగలు సంపాదించడం

సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి, మూతికి కాగితం గరాటు దూర్చి, పండ్ల బండి దగ్గరో హాస్టల్ మెస్ వెనకో ఒక పూట ఉంచండి. ఈగలు పడతాయి. కానీ పడినవన్నీ మెలనోగాస్టర్ కావు. మన దగ్గర అనానసే అనే జాతి కూడా ఇళ్లలో బాగా తిరుగుతుంది. వీపు మీద వెండి చారలున్న కాస్త పెద్ద ఈగ కనపడితే అది జాప్రియోనస్, పక్కన పెట్టేయండి. మెలనోగాస్టర్ మగ ఈగకు పొట్ట కొస నల్లగా ఉంటుంది, ముందుకాళ్ల మీద చిన్న నల్ల దువ్వెనలాంటిది ఉంటుంది. ఆడ ఈగలను చూసి జాతి చెప్పడం కష్టం. అందుకే ఒక్కో ఆడ ఈగను విడిగా ఒక్కో సీసాలో వేసి, దాని పిల్లల్లో మగవాటిని చూసి తేల్చుకోవాలి. ఒక తల్లి పిల్లలన్నీ ఒకే వంశం కాబట్టి తర్వాతి ప్రయోగాలకూ అది మంచిదే.

తొందరగా కావాలంటే మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) ప్రాంగణంలోనూ ఈగల ఫెసిలిటీ ఉంది. మీ గైడ్ ద్వారా ఉత్తరం రాయించి కాంటన్-ఎస్ లాంటి మామూలు రకం అడగండి. ఈగ వాసన జన్యుశాస్త్రానికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. వెరోనికా రోడ్రిగ్స్, ఒబైద్ సిద్దిఖీ బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్)లో వాసన తేడా పడిన ఈగలను ఏరి 1978లోనే ప్రచురించారు. ఆ తర్వాతే బెంగళూరులో ఎన్‌సీబీఎస్ వచ్చింది, దాన్ని నిలబెట్టింది సిద్దిఖీ.

తిండి వండడం

మన ల్యాబుల్లో ఎక్కువగా నడిచేది రవ్వ, బెల్లం వంటకం. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల గోధుమ రవ్వ, 10 గ్రాముల అగర్. సగం నీళ్లలో బెల్లం, అగర్ మరిగించండి. మిగతా చల్లనీళ్లలో రవ్వ కలిపి, ఉప్మాకు పోసినట్టు ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. ఉండకట్టిందా, ఆ ఉండ చుట్టూ బూజు గ్యారంటీ. చిక్కబడి బుడగలు పట్ పట్‌మని పేలడం మొదలెట్టాక మరో ఐదు నిమిషాలు ఉంచి దించండి. గిన్నె చెయ్యి ఓర్చుకునేంత వేడికి వచ్చాక 7.5 మిల్లీలీటర్ల ప్రొపియోనిక్ ఆమ్లం కలపాలి. మరుగుతుండగా పోస్తే ఆవిరైపోతుంది, పైగా ఆ ఆవిరి కళ్లలో పడితే ఆ రోజుకు పని అయినట్టే. గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తీసి కలపండి. సీసాల్లో రెండు వేళ్ల ఎత్తు పోసి, పలచటి గుడ్డ కప్పి రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారి నాలుగు ఈస్ట్ గింజలు చల్లి దూది బిరడా పెట్టండి. గోడలకు తడి ఉంటే ఈగలు అతుక్కుని చస్తాయి.

25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ రావడానికి 10 రోజులు పడుతుంది. మన ఎండాకాలం దీనికి అసలు శత్రువు. 29, 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు పిల్లల్ని కనలేవు. ఇన్‌క్యుబేటర్ లేకపోతే వెడల్పాటి మట్టి తొట్టిలో తడి ఇసుక పోసి సీసాలు అందులో పాతిపెట్టండి, ఏప్రిల్ వరకు గట్టెక్కవచ్చు. మే నెలలో ఏసీ గది తప్ప గతి లేదు. పాత సీసాలను నెల దాటి ఉంచితే కంటికి కనపడీ కనపడనంత చిన్న పురుగులు, మైట్లు పడతాయి. పారేసే ముందు రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఆపై పారేయండి. బయటి నుంచి తెచ్చిన మ్యూటెంట్లు (ఏదో ఒక జన్యువు మారిన ఈగలు), జన్యుమార్పిడి ఈగలు మీ దగ్గరుంటే ఇది తప్పనిసరి. జన్యుమార్పిడి ఈగలకైతే ముందే మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి తీసుకోవాలి.

వయసు, ఆకలి

పుట్టి 3 నుంచి 5 రోజులైన ఈగలు వాడండి. మంచు మీద మత్తెక్కించి 25 మగ, 25 ఆడ ఏరుకోండి. ఏరిన రోజే ప్రయోగం వద్దు. ఒక రోజు తిండి సీసాలో కోలుకోనిచ్చి, తర్వాత 18 నుంచి 20 గంటలు తడి దూది మాత్రమే ఉన్న సీసాలో ఆకలితో ఉంచండి. తిండి ఆపాలి గానీ నీళ్లు ఆపకూడదు. దాహంతో ఉన్న ఈగ వాసనను పట్టించుకోదు, నీటి చెమ్మ వైపే పోతుంది. అది చూసి మీరు ఇంకేదో కనిపెట్టామనుకుంటారు.

సీసా ప్రయోగం

లీటరు పట్టే ప్లాస్టిక్ ఊరగాయ డబ్బా తీసుకోండి. మూతకు వేడి సూదితో గాలి రంధ్రాలు. అడుగున ఒక శాతం అగర్ పలచగా పోయండి, చెమ్మ కోసం. రెండు చిన్న గాజు సీసాలకు పట్టే దూది బిరడాలో, కొస కత్తిరించిన మైక్రోపిపెట్ టిప్‌ను తలకిందులుగా దూర్చండి. వెడల్పు మూతి బయటికి, సన్నకొస లోపలికి. కొస దగ్గర రంధ్రం రెండు మిల్లీమీటర్లుండాలి. ఈగ లోపలికి నడిచి వెళ్తుంది, తిరిగి రావడానికి దారి దొరకదు. చేపల మావు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఒక సీసాలో, నీళ్లతో 20 రెట్లు పలచన చేసిన ఆపిల్ సైడర్ వెనిగర్ ఒక మిల్లీలీటరు. రెండో దానిలో ఒక మిల్లీలీటరు నీళ్లు. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్ తేవద్దు. సీసా మీద సింథటిక్ అని రాసి ఉంటుంది, అది నీళ్లలో ఎసిటిక్ ఆమ్లం మాత్రమే. పండు పులిసినప్పుడు వచ్చే మిగతా వాసనలు అందులో ఉండవు.

డబ్బాలను నల్లగుడ్డ కప్పిన అట్టపెట్టెలో పెట్టండి. సగం డబ్బాల్లో వెనిగర్ ఎడమన, సగం డబ్బాల్లో కుడిన. వీటితో పాటు ప్రతి రోజూ ఒక్క డబ్బా అయినా నీళ్లు, నీళ్లు. దీన్ని మానేయాలని మీకు రెండో వారానికే అనిపిస్తుంది. మానేయకండి. సెంట్ రాసుకుని ల్యాబ్‌కు రావొద్దని కూడా చెప్పాలి. మా దగ్గర మల్లెపూల సీజన్‌లో దీని మీద చిన్న గొడవే జరిగింది.

20 గంటల తర్వాత లెక్క. లెక్కపెట్టేవాళ్లకు ఏ సీసాలో ఏముందో తెలియకూడదు, అడుగున పెన్సిల్‌తో అంకెలు మాత్రం వేయండి. ఒక డబ్బాలో 50 ఈగలకు వెనిగర్ వైపు 31, నీళ్ల వైపు 6, బయటే ఉన్నవి 13 అనుకుందాం. 31 లోంచి 6 తీసేసి 50తో భాగిస్తే 0.5. కొందరు లోపలికి పోయిన 37తోనే భాగిస్తారు, అప్పుడు 0.68 వస్తుంది. రెండూ తప్పు కాదు. కానీ ఏది వాడారో రాయాలి, మధ్యలో మార్చకూడదు. నాకు మొదటిదే నచ్చుతుంది, ఎందుకంటే ఎటూ కదలని ఈగలు కూడా ఒక సంగతి చెబుతున్నాయి.

పిల్లలు దాదాపు అందరూ పడే గుంట ఇంకోటుంది. పది డబ్బాల్లో 500 ఈగలు వాడితే శాంపిల్ 500 అని రాసేస్తారు. కాదు, పది. ఒక డబ్బాలోని ఈగలు ఒకే గాలి పీల్చాయి, ఒకే మూల వెలుతురు చూశాయి, ఒకదాని వెనక ఒకటి నడిచాయి. డబ్బాకు ఒక అంకె, ఆ అంకెల మీదే గణాంకాలు. వేర్వేరు రోజుల్లో కనీసం 10, 12 డబ్బాలు చేయండి.

ఇది కుదిరాక మోతాదు మార్చి చూడండి. 100 రెట్లు పలచన, 20 రెట్లు, 5 రెట్లు, అసలు పలచన చేయనిది. ఎక్కువ వాసనకు ఎక్కువ ఈగలు రావాలని అందరూ అనుకుంటారు. ఒక స్థాయి దాటాక వెనిగర్ మీద మోజు తగ్గడం మామూలే. కారణం 2009లో తేలింది. పలచటి వెనిగర్‌కు మెదడులోని కొన్ని ముడులే పలుకుతాయి, వాటిలో రెండు ఈగను దగ్గరికి రప్పిస్తాయి. గాఢత పెరిగితే ఇంకో ముడి కూడా మేలుకుంటుంది, అది వెనక్కి లాగుతుంది. ఈ ముడులను గ్లోమెరులై అంటారు, ఈగ మెదడులో ఒక్కో పక్క 50 దాకా ఉంటాయి. ఒకే రకం గ్రాహకం ఉన్న కణాల తీగలన్నీ ఒకే ముడి దగ్గర చేరతాయి.

ఇలాంటివాటిలో నాకు బాగా ఇష్టమైనది జియోస్మిన్. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టివాసన అదే. మనం గుండెనిండా పీలుస్తాం. ఈగకు మాత్రం అది విషపు బూజు పట్టిన పండుకు గుర్తు. దానికోసమే ఒక్క గ్రాహకం, ఒక్క ముడి కేటాయించుకుంది, అది మోగితే పారిపోతుంది. పక్కనే వెనిగర్ ఉన్నా సరే.

మీసం లేకపోతే

వెనిగర్ దగ్గరికి ఈగ పోయిందంటే ముక్కుతోనే పోయిందని రుజువు కాలేదు. మంచు మీద ఉంచి, సన్న ఫోర్‌సెప్స్‌తో రెండు మీసాల మూడో ఖండాన్ని తుంచేయండి. పోలికకు కొన్ని ఈగలను అలాగే మంచు మీద పెట్టి, ఫోర్‌సెప్స్‌తో తాకి, తుంచకుండా వదిలేయండి. ఈ రెండో గుంపు లేకపోతే మీరు చూసింది వాసన పోవడమా, ఈగ బెదిరిపోవడమా తెలియదు. రెండు రోజులు కోలుకోనిచ్చి డబ్బాలో వేయండి. ఆకర్షణ బాగా పడిపోతుంది, సున్నాకు రాకపోవచ్చు. ముందు చెప్పిన రెండో ముక్కు ఇంకా ఉంది కదా.

రుచికి ఇంకా తేలిక పరీక్ష ఉంది. ఈగ వీపును గోళ్లరంగు చుక్కతో స్లైడుకు అతికించి, కడుపునిండా నీళ్లు తాగించి, పంచదార నీళ్లతో ముందుకాళ్లు తాకించండి. తొండం చటుక్కున చాస్తుంది. ఈగ పాదాలతో కూడా రుచి చూస్తుంది. 100 మిల్లీలీటర్లకు 3.4 గ్రాముల పంచదార వేస్తే 0.1 మోలార్ ద్రావణం. నీళ్లకే తొండం చాచే ఈగను లెక్కలోకి తీసుకోకండి.

ఒక్క ఈగ డీఎన్‌ఏ

ఓర్కో మ్యూటెంట్ ఈగలు తెప్పించుకుంటే, ముందు అవి నిజంగా మ్యూటెంట్లేనా చూసుకోవాలి. సీసాలు తారుమారు కావడం ప్రతి ల్యాబ్‌లో జరిగేదే. ఒక్క ఈగ చాలు. 0.2 మిల్లీలీటర్ ట్యూబులో 50 మైక్రోలీటర్ల బఫర్ సిద్ధం చేసుకోండి: ట్రిస్ 10 మిల్లీమోలార్, పీహెచ్ 8.2, ఈడీటీఏ 1 మిల్లీమోలార్, ఉప్పు 25 మిల్లీమోలార్, అప్పటికప్పుడు కలిపిన ప్రొటినేజ్ కె మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. టిప్‌లో బఫర్ పీల్చి, వదలకుండానే ఆ టిప్ కొసతో ఈగను నలపండి, ఆ తర్వాత మిగతా బఫర్ వదలండి. 37 డిగ్రీల్లో అరగంట, 95 డిగ్రీల్లో రెండు నిమిషాలు. పీసీఆర్‌కు ఇందులోంచి ఒక మైక్రోలీటర్ చాలు. ఎక్కువ వేస్తే కంటి రంగు, కైటిన్ ముక్కలు రియాక్షన్‌ను ఆపేస్తాయి.

ప్రైమర్లకు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలకు) ఫ్లైబేస్ అనే ఉచిత డేటాబేస్‌లో ఓర్కో వరుస తీసుకోండి. అది మూడో క్రోమోజోమ్ మీద 83వ ప్రాంతంలో ఉంటుంది, అందుకే పాత పేపర్లలో దాని పేరు ఓఆర్83బి. మీ మ్యూటెంట్‌లో ఏ ముక్క పోయిందో, ఏది దూర్చారో చూసి, ఒక ప్రైమర్ మార్పుకు బయట, రెండోది లోపల పడేలా ఎంచుకోండి. జెల్ మీద నాలుగు గళ్లు తప్పనిసరి: మ్యూటెంట్, మామూలు ఈగ, రెండింటి సంకరం, ఈగే వేయని బఫర్. చివరి గడిలో బ్యాండ్ కనపడితే మిగతా మూడూ చూడకండి, పాత రియాజెంట్లు పారేసి మళ్లీ మొదలుపెట్టండి.

డబ్బా ప్రయోగం మ్యూటెంట్‌తో చేసేటప్పుడు వెనిగర్ వదిలేసి ఐసోఅమైల్ ఎసిటేట్ వాడండి. అరటిపండు వాసన అని మనం గుర్తుపట్టేది దాన్నే. పారఫిన్ నూనెలో వెయ్యి రెట్లు పలచన చేయండి, రెండో సీసాలో ఉత్త పారఫిన్ నూనె. వెనిగర్‌లోని ఆమ్లాన్ని ఓర్కో లేకుండానే పట్టే గ్రాహకాలున్నాయని చెప్పాను కదా, దానితో ఫలితం మసకబారుతుంది. పోలికకు వాడే మామూలు ఈగలు కూడా మ్యూటెంట్ల వంశ నేపథ్యంలోవే కావాలి. అరటిబండి దగ్గర పట్టినవి ఇక్కడ పనికిరావు.

పట్టుపురుగు మీసంతో కరెంటు

ఈగ మీసం చాలా చిన్నది, మొదటిసారి విద్యుత్తు కొలవడానికి పట్టుపురుగు మేలు. డీట్రిష్ ష్నైడర్ 1957లో ఈ పద్ధతి మొదలుపెట్టిందీ పట్టుపురుగు మీసంతోనే. రెండేళ్లకు బ్యూటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథుల నుంచి బాంబికాల్ అనే ఆకర్షక పదార్థాన్ని వేరుచేసింది. పత్తి చేలల్లో గులాబీ రంగు పురుగుకు పెట్టే లింగాకర్షక బుట్టలు ఆ దారిలో వచ్చినవే.

హిందూపురం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు గూళ్లు తేలిగ్గా దొరుకుతాయి. రీలింగ్‌కు ఆరబెట్టినవి కాదు, గ్రెయినేజి (పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రం) నుంచి విత్తన గూళ్లు అడగండి. గూడు కోసి ప్యూపాలను ఆడ, మగ వేరు చేయండి. పొట్ట కింద ఎనిమిదో ఖండం మీద ఇంటూ గుర్తులాంటి గీత ఉంటే ఆడ, తొమ్మిదో దాని మీద చుక్క ఉంటే మగ. వేరు చేయకపోతే తెల్లవారుజామున బయటికి రాగానే జతకట్టేస్తాయి.

యాంప్లిఫయర్ ముట్టుకునే ముందు ఒకటి చూడండి. కన్యగా ఉన్న ఆడ పురుగు పొట్ట కొసను ఫిల్టర్ కాగితానికి రుద్ది, కదలకుండా కూర్చున్న మగ పురుగు ముందు ఒక జానెడు దూరంలో పెట్టండి. మీసాలు నిక్కబొడుచుకుంటాయి, రెక్కలు టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. ఎగరలేని ఆ పురుగు గిరగిరా తిరుగుతూ కాగితం వైపు నడిచొస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

ఇక మీసం. మొదట్లో కత్తిరించి, కొసన ఒకటి రెండు ఖండాలు తీసేయండి. రెండు గాజు కేపిల్లరీల్లో సెలైన్ నింపి, ఒకదానిలో మొదలు, రెండోదానిలో కొస ముంచండి. లోపల వెండి తీగలుండాలి, బట్టల బ్లీచ్‌లో నల్లబడేదాకా నానబెట్టినవి. ఆ తీగలను యాంప్లిఫయర్‌కు కలిపితే మీసం జవాబు తెరమీద గీతగా కనపడుతుంది. మీసం మీదికి బొగ్గు, నీళ్ల గుండా వచ్చిన శుభ్రమైన గాలి ఆగకుండా తగులుతుండాలి. వాసన కాగితాన్ని పాశ్చర్ పిపెట్‌లో పెట్టి అర సెకను ఊదండి, ఊదుడుకూ ఊదుడుకూ మధ్య నిమిషం విరామం. మీసం అరగంట, మహా అయితే గంట బతుకుతుంది. దాని జవాబు మెల్లగా నీరసిస్తుంది కాబట్టి నాలుగైదు ఊదుళ్లకోసారి ఒకే ప్రామాణిక వాసన ఇచ్చి పోల్చుకోండి. తక్కువ మోతాదు నుంచి ఎక్కువకు వెళ్లండి. ఆడ పురుగు మీసంతోనూ చేసి చూడండి, బాంబికాల్‌కు అది పలకదు.

తెరమీద 50 హెర్ట్జ్ అలలు కనపడితే ట్యూబ్‌లైట్లు, ఫోన్ చార్జర్లు తీసేయండి, కోడిపంజరంలా ఇనుప జాలీ కప్పి దాన్ని ఎర్త్ చేయండి. గీత అసలు కదలకపోతే యాంప్లిఫయర్‌ను తిట్టే ముందు కొత్త మీసం పెట్టండి, పదికి ఎనిమిదిసార్లు తప్పు అక్కడే ఉంటుంది. మొదటి ఊదుడు మాత్రం ఎప్పుడూ ఖాళీ కాగితంతోనే. దానికే గీత ఒక మిల్లీవోల్టు దిగిపోయిందంటే మీసానికి తగిలింది గాలి దెబ్బ. ఊదే గాలిని తగ్గించి, పిపెట్‌ను మీసానికి నేరుగా కాకుండా నడుస్తున్న గాలి గొట్టం పక్క రంధ్రంలోకి తిప్పి, ఖాళీ కాగితానికి గీత తొణకకుండా నిలబడేదాకా సర్దండి. ఆ తర్వాతే ఆడ పురుగు కాగితం డబ్బా మూత తీయండి.